మా ఇంట్లో కూడా ఆగిపోయింది

చిన్నోడా,

ముందుగా నా రాత సంగతి. అక్షరాలు గీత మీద నిలవడం లేదు. ఒత్తులు, దీర్ఘాలు నాకు ఊరి బళ్ళోనే సరిగ్గా రాలేదు, ఈ వయసులో రమ్మంటే ఎక్కడి నుంచి వస్తాయి. తప్పులున్న చోట ఏమీ అనుకోకుండా నువ్వే సర్దుకుని చదువుకో. చదవడం విసుగనిపిస్తే కాసేపు పక్కన పెట్టి మళ్ళీ తియ్యి గానీ, సగంలో వదిలెయ్యకు. ఈసారి ఉత్తరం పెద్దదవుతుంది. నోటితో నాలుగు మాటలు కలిపి చెప్పలేని మనిషిని, కాగితం మీదైనా చెప్పాలి గదా.

నీకు నా దీవెనలు. నువ్వు వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతున్నావని తలుస్తాను. ఇక్కడ మీ అక్క, మీ బావ, పాప, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. పాపకి ముందుపన్ను ఊడింది. నవ్వితే ఆ సందులోంచి నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరిస్తోంది. ఆ ఒక్క పిల్ల నవ్వే ఇప్పుడు ఈ ఇంట్లో వినపడుతోంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడే బాధ, ఎక్కేటప్పుడు లేదు. కంట్లో చుక్కలు మీ అక్క మరిచిపోకుండా వేస్తోంది. నువ్వు పంపిన చెవి మిషను పెట్టుకుంటున్నానా అని అడిగావు. పెట్టుకున్నాను. పెట్టుకుంటే కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు, బయట బండ్ల చప్పుడు అన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నాయి. మనిషి మాట మాత్రం ఎక్కడో వెనకాల ఉండిపోతోంది. నూలు మిల్లులో అన్నేళ్ళు నిలబడ్డవాడి చెవులు అవి, వాటికి కొత్త మర్యాదలు నేర్పలేం. నీ డబ్బు వృథా అయిందని అనుకోకు. పెట్టెలో భద్రంగా ఉంది. అందుకే ఫోనులో మాట్లాడలేక ఇలా కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

నీ దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు ఉండమన్నావు. దానికి జవాబు చివర రాస్తాను.

ఇంకో ప్రశ్న మిగిలింది. "బావ మిషను ఇంకా బాగానే నడుస్తోందిగా నాన్నా" అని అడిగావు. కింద గీత కూడా గీశావు. ఆ ప్రశ్నకి జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. మీ అక్క చూసి, "ఏంటి నాన్నా, పరీక్ష రాస్తున్నావా?" అని కూడా అంది. అలాంటిదే అనుకో.

మొదటి నుంచీ రాస్తాను. అప్పుడే నీకు అర్థమవుతుంది.

ఆ మధ్య నువ్వు ఒక ఉత్తరం రాశావు. మీ కంపెనీ వాళ్ళు, ఫంక్షన్లలో బావ పాటలు వేసే ఆ రకం డీజే మిషన్లన్నిటికీ కొత్త అప్‌డేట్ పంపారనీ, దాంట్లో నీ పని ఉందనీ, పేరు ఎక్కడా కనపడదు గానీ లోపల ఉందనీ రాశావు. ఫర్మ్‌వేర్ అని ఒక మాట రాసి, నాకు నోరు తిరగదని నువ్వే తెలుసుకుని, మిషను లోపలి బుర్ర అని విడమరిచావు. బావని వేసుకోమని చెప్పమన్నావు. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. జేబు మీద చెయ్యి వేసుకుని తిరిగాను అంటే సరిగ్గా ఉంటుంది.

ఒక పూట మీ బావ ముందుగదిలో నేల మీద కూర్చుని తెగిపోయిన వైరుకి టంకం వేస్తున్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. తల ఎత్తలేదు. గొంతు సవరించుకుని, "బాబూ, చిన్నోడు ఏదో చేశాడట. మిషను లోపలికి ఎక్కించుకోవాలట" అన్నాను.

"తెలుసు మామయ్యా, చూశాను. పెళ్ళిళ్ళు అయిపోనివ్వండి, తరవాత చూద్దాం" అన్నాడు.

వాళ్ళ పనిలో అదొక కట్టుబాటు. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడ్డాక, నడుస్తున్న మిషను జోలికి ఎవరూ వెళ్ళరు. దుమ్ము తుడుస్తారు, అంతే. లోపల చెయ్యి పెట్టరు. ఆ రోజుల్లో మీ బావ ఆ మిషనుకి ఇంటర్నెట్టు కూడా తగలనివ్వడు. ఆ సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్ళుగా వాడి వెంట ఫంక్షన్లకి వెళ్తున్నవాణ్ణి. స్పీకరు పెట్టెల వెనక కుర్చీ వేసుకుని, పిల్లలు వైర్లు తట్టుకుని పడకుండా చూసుకునేవాణ్ణి. అంత చప్పుడు ఇంకెవరూ భరించలేరు, నాకైతే బాధ లేదు.

తెలిసి కూడా ఇంకోసారి అడిగాను. ఒక మాట రెండుసార్లు అడిగే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. "మనవాడి పని బాబూ. భయమెందుకు" అన్నాను.

మీ బావ టంకం కడ్డీ కింద పెట్టి నా వైపు చూశాడు. వంటగదిలోంచి మీ అక్క గొంతు పెంచి, "నా పెళ్ళయ్యాక నాన్న నోరు తెరిచి ఒకటి అడగడం ఇదే మొదలు! అడక్క అడక్క అడిగింది మిషను గురించా? కూతురి చేతికి గాజులు లేవని ఎప్పుడైనా అడిగావా నాన్నా?" అంది. మీ బావ నవ్వాడు. లేచి వెళ్ళి మిషను తెచ్చి, కంప్యూటరుకి తగిలించి, ఏవేవో నొక్కి, చివరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు.

"మీ అబ్బాయి పని మామయ్యా. మీరే నొక్కండి."

నేనే నొక్కాను చిన్నోడా.

తెర మీద పచ్చగీత మెల్లగా నిండింది. మిషను ఆరిపోయి మళ్ళీ వెలిగింది. మీ బావ ఒక పాట వేశాడు. నేల అదిరింది, కిటికీ అద్దం అదిరింది, పాప మంచం మీదెక్కి గెంతింది. "బాగానే చేశాడు మీవాడు" అని మీ బావ నా భుజం తట్టాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తరవాత జరిగినదే నీకు ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే పెద్ద హాల్లో ఒక పెళ్ళి. ఆ హాలు మేనేజరు ఈసారి పెళ్ళిళ్ళన్నీ మీ బావకే ఇస్తానని మాట ఇచ్చాడు. ఇన్నాళ్ళు చిన్నచిన్న పుట్టినరోజులకి తిరిగినవాడికి అది ఎంత పెద్ద మాటో నీకు వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం అంతా చక్కగా సాగింది. పెళ్ళికూతురు పైనుంచి మెట్లు దిగి రావాలి, ఆ పిల్ల తనే ఏరుకున్న పాట మోగాలి. మీ బావ దాన్ని ఇంటి దగ్గర ఎన్నిసార్లు సరిచూసుకున్నాడో. పాట మొదలైంది, దీపాలు తగ్గించారు, పెళ్ళికూతురు దిగడం మొదలుపెట్టింది.

నాకు పాట వినపడదు, నేల తెలుస్తుంది. పాదాల కింద దడదడలాడుతున్న నేల ఒక్కసారిగా చచ్చిపోయింది. తల ఎత్తి చూస్తే మీ బావ రెండు చేతులూ మిషను మీద ఉన్నాయి, కదలడం లేదు. తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని ఉంది. దాని చుట్టూ ఒక చిన్న చుక్క తిరుగుతోంది. పెళ్ళికూతురు సగం మెట్ల మీద ఒక కాలు కిందా ఒక కాలు పైనా పెట్టి ఆగిపోయింది. దిగాలా ఆగాలా తెలియక కింద జనం వైపు చూసింది. ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఇంకొకరు నవ్వారు.

మీ బావ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. పాట వచ్చింది, రెండు అడుగులు వేసేలోపు మళ్ళీ పోయింది. ఏ పాట ఎక్కడ ఎత్తుకోవాలో వాడు ఏళ్ళ తరబడి పెట్టుకున్న గుర్తులన్నీ చెరిగిపోయి ఉన్నాయట, తరవాత చెప్పాడు. చివరికి ఫోనులోంచి ఆ పాట వేశాడు. అంత హాల్లో అది దోమ పాడినట్టుందట. ఆ పిల్ల తల దించుకుని దిగింది. పిల్ల మేనమామ వచ్చి మీ బావ ముందు నిలబడి, "పాట పెట్టమంటే మా పరువు తీశావేమిటయ్యా! అద్దెకి తెచ్చిన మిషనా? అది నీదేనా?" అని అందరూ వినేలా అన్నాడు. నాక్కూడా వినపడేలా అన్నాడు. మీ బావ, "తప్పయిపోయిందండీ" అన్నాడు. అదొక్కటే అన్నాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. సామాను సర్దుకుంటుంటే వచ్చి, "మిషను బాగు చేయించుకుని రా. బాగయ్యేదాకా నీ తారీఖులు ఇంకొకరికి ఇస్తాను. నెలాఖరులోగా వస్తే మిగతావి నీవే. తరవాత నన్ను అడగొద్దు" అన్నాడు.

తిరిగి వస్తుంటే బండిలో మీ బావ పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అంటాడు, అంటే బాగుంటుంది అనుకున్నాను. చాలాసేపటికి, "గాలి తగులుతోందా మామయ్యా, అద్దం ఎత్తనా?" అన్నాడు. అల్లుడింట్లో ఉంటున్న మనిషిని నేను. ఒక్క మాట తూలినా పడి ఉండాలి. తూలలేదు.

ఇంటికి వచ్చాక మీ అక్కకి అంతా తెలిసింది. ఏడ్చింది, మొహం కడుక్కుంది, తరవాత నా దగ్గరికి వచ్చి, "వాడికి రాయకు నాన్నా. కొత్త ఉద్యోగం. మొదటిసారి వాడి చేతికి పెద్ద పని ఇచ్చారు. ఇంట్లోవాళ్ళే బాగాలేదంటే వాడి గుండె ఆగిపోతుంది. ఈయన ఎలాగో బాగు చేయించుకుంటాడు" అంది. మీ బావ కూడా, "ఔను మామయ్యా, వాడిదాకా ఎందుకు" అన్నాడు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా వాళ్ళిద్దరూ పాప పన్ను గురించి, కూరల ధర గురించి ఎందుకు మాట్లాడారో ఇప్పుడు తెలిసిందా?

నువ్వు నన్ను అడిగావు, ఎలా ఉందని. నేను రాశాను. "బాగుంది. బావ సంతోషించాడు. ఎక్కడా ఆగలేదు" అని రాశాను. ఆగలేదు అన్న మాట మీ అక్క రాయమనలేదు, నేనే కలిపాను. నువ్వు చదివి మొహం వెలిగించుకుంటావని కలిపాను.

ఈలోగా మీ బావ బాగు చేయించడానికి తిరగని చోటు లేదు. పాత బుర్రే మళ్ళీ ఎక్కించుకుందామంటే దానికి దారి మూసేశారట, ఒకసారి కొత్తది ఎక్కాక వెనక్కి పోవడం లేదట. కంపెనీ నంబరుకి ఫోను చేసేవాడు. అన్నం కంచం ముందు పెట్టుకుని ఫోను చెవిన పెట్టుకునేవాడు. అవతల పాట మోగుతూనే ఉండేదట. అన్నం చల్లారిపోయేది. మనిషి పలికితే, "మిషను ఆపి మళ్ళీ ఆన్ చేశారా సార్?" అనేవాళ్ళట. "చేశానండీ." "పెన్‌డ్రైవ్ మార్చి చూశారా సార్?" "మార్చానండీ, కొత్తది కొన్నాను." "ఇంకోసారి మార్చి చూడండి సార్." ఫోను కింద పెట్టి పాపతో, "బుజ్జీ, నన్ను ఆపి మళ్ళీ ఆన్ చెయ్యవే" అనేవాడు. పాప వాడి ముక్కు నొక్కేది. అప్పుడు నవ్వేవాడు. రోజులు గడిచేకొద్దీ అదీ మానేశాడు.

చివరికి సర్వీస్ సెంటరుకి తెమ్మన్నారు. వెళ్ళడానికి ముందురోజే నీ ఉత్తరం వచ్చింది, ఇప్పుడు నేను జవాబు రాస్తున్న ఉత్తరం. గుమ్మంలోనే చింపి చదివాను. నువ్వు ఇలా రాశావు: "ఫిర్యాదులు చాలా వస్తున్నాయి నాన్నా. మా పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. నేను లేచి చెప్పాను, మా ఇంట్లోనే మా బావ వాడుతున్నాడు, ఒక్కసారి కూడా ఆగలేదు, లోపం మిషనులో లేదు, వాడేవాళ్ళే సరిగ్గా వేసుకోవడం లేదు అని. సారు నా మాట తీసుకున్నాడు. నీ ఉత్తరం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో."

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీ అక్క వచ్చి, "ఏం రాశాడు నాన్నా?" అంటే, "బాగానే ఉన్నాడు" అన్నాను. బాగుంది, బాగానే ఉన్నాడు, నాకు అది తప్ప ఇంకో మాట రానట్టు.

మర్నాడు మీ బావతో నేనూ వెళ్ళాను. మిషను బరువు, ఒక్కడే ఎలా మోస్తాడని. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సర్వీస్ సెంటరంటే ఒక ఇరుకు మేడమెట్లు, పైన ఒక గది, గోడకి ఆనించి బల్లలు. బల్లల నిండా మనుషులు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క మిషను. ఆసుపత్రిలో పిల్లల్ని పట్టుకుని కూర్చున్నట్టున్నారు. అందరివీ అదే జబ్బు. ఒకాయనది హోటల్లో ఆగిందట. ఒకాయనది పిల్లల బడి వేడుకలో ఆగిందట. గడ్డం ఉన్న ఒక కుర్రాడు కంపెనీ ఫోను గొంతు అచ్చం దించేసి, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం, దయచేసి ముసలివాళ్ళయ్యేదాకా లైనులో ఉండండి" అంటుంటే అందరూ నవ్వారు. నన్ను చూసి, "తాతా, మీరూ డీజేనా? ఏం వాయిస్తారు?" అన్నాడు. "నేను వైర్లు చూస్తాను నాయనా" అన్నాను. "మా అందరికంటే మీ పనే నయం, వైర్లకి అప్‌డేట్ రాదు" అన్నాడు.

ఇంకొకాయన ఉన్నాడు, లావాటి మనిషి, తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నవాడు. ఆయన నవ్వలేదు. "ఆపి ఆన్ చేస్తే బాగయ్యేదైతే నా సంసారం ఎప్పుడో బాగయ్యేది" అని ముందు విసుక్కున్నాడు. తరవాత లేచి, అందరికీ చెప్తున్నట్టు, "ఇది చేసినవాడు ఎక్కడున్నాడో గానీ, వాడి పెళ్ళిలో కూడా పాట ఇలాగే సగంలో ఆగిపోవాలి! వాణ్ణి చూసి కూడా జనం ఇలాగే నవ్వాలి!" అన్నాడు. కాస్తో కూస్తో వినపడే నా మంచి చెవి వైపే నిలబడి అన్నాడు. అందరూ, "అలా చెప్పన్నా" అన్నారు. నేను ఒళ్ళో మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆ మాట వెనక్కి తీసుకో నాయనా అని లేచి చెబుదామనిపించింది. లేవలేదు.

మా వంతు వచ్చేసరికి మీ బావ తాగడానికి నీళ్ళ కోసం కిందకి దిగాడు. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి. పాపం మొహం వాడిపోయి ఉంది, పొద్దున్నుంచీ తిట్లు తింటున్నట్టుంది. మిషను తీసుకుని, "తాతగారూ, ఇది తీసుకున్నా ఇక్కడ చేసేదేమీ లేదండీ. అప్‌డేట్‌లో లోపం లేదని పైనుంచి రాసి పంపారు. వాళ్ళ సొంత ఇళ్ళల్లోనే వాడి చూశారట, ఎక్కడా ఆగలేదట. మీరే సరిగ్గా వేసుకోలేదని చెప్పమన్నారు" అంది.

అది నీ మాట. నీ మాట కూడా కాదు, నా మాట. నేను కలిపిన మాట అంత దూరం పోయి, అచ్చయి, తిరిగి వచ్చి ఆ బల్లల మీద కూర్చున్న అందరి నెత్తినా పడింది.

ఇక్కడిదాకా రాసి కాగితం పక్కన పెట్టాను. మిగిలింది రాయకుండానే మడిచి పంపుదామనుకున్నాను. కానీ అది లేకపోతే ఇదంతా రాసి లాభం లేదు. నువ్వు నన్ను ఏమనుకున్నా సరే.

ఆ అమ్మాయి నా మొహం చూసి, గొంతు తగ్గించి, నాకు వినపడలేదంటే ముందుకి వంగి, "కంపెనీలో మీకెవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పండి తాతగారూ. లోపలివాళ్ళ చేత ఒక్క మాట చెప్పిస్తే మీ మిషను తెరిచి చూస్తారు. మీదొక్కటి తెరిస్తే అందరిదీ బయటపడుతుంది. మీకెవరైనా ఉన్నారా?" అంది.

నా వెనక బల్లల మీద అందరూ ఆగి వింటున్నారు. ఆ లావాటాయన కూడా చూస్తున్నాడు.

"లేరమ్మా" అన్నాను. "నాకు అక్కడ ఎవరూ లేరు" అన్నాను.

అని వెనక్కి తిరిగేసరికి మీ బావ నీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు. వచ్చి మిషను ఎత్తుకున్నాడు. కిందకి దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే నా మోచెయ్యి పట్టుకుని దింపాడు.

బస్సులో సగం దారికి వచ్చాక నా మంచి చెవి దగ్గరికి వంగి, "అలా ఎందుకన్నారు మామయ్యా?" అన్నాడు.

"వాళ్ళంతా వాణ్ణి తిడుతున్నారు బాబూ" అన్నాను.

"తిడితే తిట్టనివ్వండి. లోపల్లోపల నేనూ తిట్టుకున్నాను, మీకు తెలియదు. కానీ లేడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక నీ ఉత్తరం తీసి వాడి చేతిలో పెట్టాను. నేను నీకేం రాశానో కూడా చెప్పాను. అంతా చదివాడు. కోపం వస్తుందనుకున్నాను. ఉత్తరాన్ని మళ్ళీ ఎలా మడతలున్నాయో అలాగే మడిచి, "పోనివ్వండి మామయ్యా. ఇప్పుడు రాయకండి. పెద్దసారు ముందు లేచి చెప్పాడు. ఇప్పుడు మాట మారిస్తే వాడి ఉద్యోగం మీదికి వస్తుంది. నాదంటారా, ఎలాగూ పోయింది" అన్నాడు. మీ అక్క కూడా అదే అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. హాల్లో ఇంకొకతను వాయిస్తున్నాడు. మీ బావ ఒక గోడౌనులో పెట్టెలు ఎత్తే పనికి వెళ్తున్నాడు. పొద్దున్నే అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్తాడు. వచ్చాక నడుం మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుంటాడు. పాప వచ్చి పాట పెట్టమంటే, "నాన్న చేతులు నొప్పి పుడుతున్నాయి బుజ్జీ" అంటాడు. మిషను మీద దుప్పటి కప్పారు. అది ఇంకా ముందుగదిలోనే ఉంది. మేమందరం దాని చుట్టూ తిరిగి వెళ్తున్నాం, ఎవరూ దాన్ని చూడం.

వాళ్ళిద్దరూ వద్దన్నా నేను రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళ మాట కాదని నేను ఒక పని చెయ్యడం నువ్వెప్పుడూ చూసి ఉండవు. నేనూ చూడలేదు.

నిన్ను అడిగేది ఒక్కటే. మీ పెద్దసారు ముందు నువ్వు మళ్ళీ లేచి నిలబడు. మా ఇంట్లో కూడా ఆగిపోయింది అని చెప్పు. పెళ్ళికూతురు మెట్ల మీద ఉండగా ఆగిపోయిందని చెప్పు. బాగుందని అబద్ధం రాసింది మా నాన్న, ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాదు, నేను నమ్మాను అని చెప్పు. తప్పు నా మీద వేసెయ్యి. దానికి నాకేం కష్టం లేదు, నిజం కూడా అదే. కావాలంటే ఈ ఉత్తరమే ఆయన ముందు పెట్టు. అక్షరాలు చూసి నవ్వితే నవ్వనివ్వు.

నీ ఉద్యోగానికి మాట వస్తుందేమో. వస్తుందని తెలిసే అడుగుతున్నాను. నువ్వు చిన్నప్పటి నుంచీ నన్ను ఒక్కటీ అడగలేదు, నాకూ అడగడం రాదు. రాకరాక వచ్చిన మొదటిసారి మీ బావ కొంప ముంచాను. ఇప్పుడు రెండోసారి నిన్ను అడుగుతున్నాను. అందుకే నాకు భయంగా ఉంది. కానీ ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు చూసి ఉంటే నువ్వూ లేచి నిలబడేవాడివే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నిన్ను తిట్టిన ఆ లావాటాయన కూడా చెడ్డవాడు కాదు. వెళ్ళేటప్పుడు ఆయనే వచ్చి నా చేతిలో సంచి అందుకుని మెట్లదాకా తెచ్చాడు. ఎవరి తండ్రికి సాయం చేస్తున్నాడో ఆయనకి తెలియదు.

ఇక నీ దగ్గరికి వచ్చి ఉండమన్న సంగతి. ఇప్పుడు రాను. రావాలని లేక కాదు. నీ గదిలో ఆ కిటికీ పక్కన మంచం వేశానని రాశావు, అది కళ్ళ ముందే ఉంది. కానీ ఇప్పుడు ఇక్కడి నుంచి కదిలితే, చేసింది చేసి పారిపోయినట్టుంటుంది. మీ బావ ఏమీ అనడు. అనడు కాబట్టే కదలలేను. పొద్దున వాడు క్యారేజీ అందుకునేటప్పుడు నేను ఆ గుమ్మంలో ఉండాలి.

నాకు రాయకపోయినా ఫర్వాలేదు, మీ బావకి రెండు ముక్కలు రాయి. ఏం రాయాలో నేను చెప్పను. ఫోనులో వద్దు, మాట మార్చేస్తాడు. కాగితం మీద అయితే మాట మార్చలేడు.

వచ్చే సోమవారం నుంచి రాత్రి షిఫ్టుకి రమ్మని గోడౌను వాళ్ళు అడుగుతున్నారట. కూలి ఎక్కువట. ఒప్పుకుంటే సాయంత్రాలు ఇక వాడివి కావు, ఫంక్షన్లు శాశ్వతంగా లేనట్టే. ఇంకా ఔననలేదు, కాదనలేదు. శనివారం చెబుతానన్నాడు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఎన్ని రోజులు మిగులుతాయో నాకు తెలియదు. అందిన వెంటనే జవాబు రాయి చిన్నోడా. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
మీ నాన్న